జపాన్ వ్యానుకు నీళ్ల పంపు వెతుక్కుంటూ మణుగూరు నుంచి ఖమ్మం దాకా

ముందుగా అందరినీ పేరుపేరునా అడగనివ్వండి, అడగకపోతే నాకు రాయడానికి చెయ్యి ఆడదు. పాల్వంచ పంతులమ్మ గారూ, మీ బీపీ ఎలా ఉంది? ఉప్పు తగ్గించమని పోయినసారి రాశాను, తగ్గించారో లేదో మీరు చెప్పలేదు. నేలకొండపల్లి వెంకయ్య గారూ, కంటి ఆపరేషన్ అయ్యాక పొలం గట్ల మీద తిరగొద్దన్నారు కదా, తిరుగుతూనే ఉన్నారా? దుబాయిలో బండి నడిపే తమ్ముడూ, నీ వెన్నునొప్పి తగ్గిందా? సీటు మీద మడతపెట్టిన దుప్పటి వేసుకుంటున్నావా? మా పెద్దబిడ్డ పద్మా, పిల్లకు దగ్గు ఇంకా ఉంటే నాకు దాచొద్దు, దాస్తే నేను ఇంకా ఎక్కువ ఊహించుకుంటాను. ఇక్కడ మేము బాగానే ఉన్నాం. మా ఆయన కంటికి శుక్లం తీశారు, దుమ్ములో తిరగకూడదు. నాకు మోకాళ్లు మామూలే. నేను చదివింది ఐదో తరగతి. కాగితాల మీద రాసిస్తే కోడలు సుజాత కంప్యూటరులో కొట్టి బ్లాగులో పెడుతుంది. కాబట్టి తప్పులుంటే నావి, ఒప్పులుంటే ఆమెవి.

మా ఇంటి ముందు ఒక తెల్ల వ్యాను ఉందని మీలో పాతవాళ్లకు తెలుసు. కొత్తగా చదివేవాళ్ల కోసం మళ్లీ చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఇక్కడ గనిలో ఒక పెద్ద మిషన్ బిగించడానికి జపాన్ నుంచి ఇంజనీర్లు వచ్చారు. వాళ్లు తిరగడానికి ఆ వ్యాను ఓడలో వచ్చింది. పని అయిపోయి వాళ్లు వెళ్లిపోయాక చాలాకాలం షెడ్డులో పడి ఉండి, చివరకు వేలానికి వచ్చింది. మా ఆయన గనిలో రిటైరైన ఏడే దాన్ని పాడుకున్నాడు. అప్పటి నుంచి మా మరిది సమ్మయ్య దాన్ని భద్రాచలం, పర్ణశాల యాత్రికులకు కిరాయికి నడుపుతున్నాడు. దాని తలుపు మన జీపు తలుపులాగా బయటికి తెరుచుకోదు, పక్కకు జరుగుతుంది. నేల చాలా కిందికి ఉంటుంది. వెనక సీటు మడిస్తే ఒక నులకమంచం మనిషితో సహా లోపలికి జారిపోతుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈ ప్రయాణమంతా దాని గురించే.

మా అక్క పర్ణశాలకు ఇవతలి ఊళ్లో ఉంటుంది. వానాకాలంలో వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. మంచంలోనే ఉంది. బస్సులో కూర్చోలేదు, ఆటోలో కుదుపులకు ఓర్చుకోలేదు, జీపు ఎక్కించాలంటే నలుగురు పైకి లేపాలి, లేపితే కేకలు పెడుతుంది. ఆమెను మా ఇంటికి తెచ్చుకుంటే ఇక్కడి దవాఖానాలో చూపించవచ్చు, నేను దగ్గరుండి చేసుకోవచ్చు. ఆమెను పడుకోబెట్టి తేగలిగిన బండి మాకు తెలిసినంతలో ఒక్కటే, అది మా వ్యాను. ఆ వ్యానుకేమో నీళ్ల పంపు పోయింది. రేడియేటరులో నీళ్లను ఇంజనులోకి తిప్పేది ఆ పంపే. అది ఆడకపోతే బండి అశ్వాపురం చేరేలోపే కాగి ఆవిర్లు కక్కుతుంది. సమ్మయ్య రెండు నెలలుగా ఆ పంపు కోసం తిరుగుతున్నాడు. విజయవాడ వెళ్లి ఒకటి తెచ్చాడు, అది సరిపోలేదు. చివరికి మా ఆయన విసిగిపోయి, "ఈ వారం దొరికితే దొరికినట్టు. లేకుంటే ఆదివారం పాత ఇనుము మనిషి వస్తడు, తూకానికి ఇచ్చేస్త" అన్నాడు. ఆయన అన్నాడంటే ఇచ్చేస్తాడు. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఈసారి నేను కూడా పోతానని చెప్పాను. సమ్మయ్య ఒక్కడే పోతే పాత పంపును బస్సులో మర్చిపోతాడని నా భయం. గొడుగులు మూడు మర్చిపోయినవాడు పంపు మర్చిపోడా?

బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఆ పాత పంపును చూశాను. సేరు బియ్యం కొలిచే మానిక అంత ఉంది. నూనె, బొగ్గు దుమ్ము, ఎప్పటిదో నల్లటి జిగురు కలిసి దాని మీద తారు పూసినట్టు పేరుకుపోయాయి. దాన్ని నేను తీసుకుపోయే సంచిలోనే సర్వపిండి, మంచినీళ్ల సీసా, మందులు పెట్టుకోవాలి. పైగా నలుగురి దుకాణాల ముందు ఆ మురికి ముద్దను బయటికి తీయడం నాకు సిగ్గనిపించింది. పెరట్లో కూర్చుని చింతపండు, బూడిద వేసి కొబ్బరిపీచుతో తోమాను. ముందు కిరసనాయిలుతో తుడిచి, ఆ తర్వాత తోమాను. గంటసేపు పట్టింది. ఇనుము తెల్లగా బయటపడింది. కానీ కడిగి ఆరబెట్టేటప్పుడు ఒకటి కంటబడింది. బోల్టులు పట్టే బెజ్జాలు నాలుగున్నాయి, అందులో రెండు గుండ్రంగా ఉన్నాయి, రెండు గుడ్డులాగా సాగి ఉన్నాయి. నేను గట్టిగా తోమడం వల్లే అలా అయ్యాయనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పాత తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టేశాను.

మణుగూరు నుంచి ఖమ్మం బస్సు పొద్దున ఐదున్నరకు. మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే ఈ బస్సే ఎక్కండి, తర్వాతిది పట్టుకుంటే దుకాణాలు మధ్యాహ్నం మూతపడే వేళకు చేరుతారు. టికెట్టు మనిషికి డెబ్బై లోపే అయ్యింది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ తగలదని నేను ముందే లెక్క వేసుకున్నాను, కానీ సూర్యుడు ఎడమవైపే వచ్చాడు. కాలనీ లైట్లు వెనకబడ్డాక రెండు వైపులా అడవే. టేకు ఆకులు ఎండి రోడ్డు మీద పడి, బస్సు పోతుంటే వెంటపడి కొంతదూరం వచ్చి ఆగిపోతున్నాయి. ఎన్నిసార్లు పోయినా ఆ దారి నాకు బాగుంటుంది, జంతువు ఏదైనా అడ్డం వస్తుందేమోనన్న భయం తప్ప.

సమ్మయ్య సంచి తెరిచి పంపును చూసింది ఆ బస్సులోనే. "ఏంది వదినె ఇది? గిట్ల తోమినవేంది? బండి మేస్త్రీ సుద్దతోటి గుర్తులు పెట్టిండు, అన్ని పోయినయ్!"

"గుర్తులున్నయని నాకేమెరుక? మురికున్నది, తీసిన."

"ఇంకా నయం, పసుపు కుంకుమ పెట్టలే. పండుగకు బోనం ఎత్తుదువు" అని ముందు సీట్లవాళ్లకు కూడా వినబడేలా నవ్వాడు. నేను నవ్వలేదు. సుద్ద గుర్తులు పోయాయన్నదానికన్నా, ఆ బెజ్జాల సంగతి వీడు చూశాడా లేదా అన్నదే నా దిగులు. చూడలేదు.

కొంతదూరం పోయాక అడవి చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. మా వైపు ఈ తనిఖీ మామూలే, ఎవరూ కంగారుపడరు, నేను తప్ప. ఒక పోలీసాయన ఎక్కి ఒక్కొక్క సంచి తడుముతూ వచ్చాడు. నా సంచి ఎత్తగానే బరువుకు చెయ్యి కిందికి పోయింది.

"ఏముందమ్మా ఇంత బరువు?"

నేను సంచి పట్టీ వదల్లేదు. సమ్మయ్య మాత్రం రొమ్ము విరిచి, "జపాన్ బండి పంపు సార్. మన దగ్గర దొరకదు, ఓడల వచ్చిన బండి" అన్నాడు.

ఆయన తువ్వాలు విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు. "బండిదా? గుడిల ఇచ్చే గంటనేమో అనుకున్న. ఇంత తెల్లగ ఎవలు తోమిన్రు?"

"మా వదినె సార్."

"మా ఇంటికి పంపు వదినెను, గిన్నెలు చానా ఉన్నయ్" అని నవ్వుతూ దిగిపోయాడు. బస్సు కదిలి పాల్వంచ చేరేదాకా తువ్వాలును విప్పి మళ్లీ చుడుతూనే ఉన్నాను. కొత్తగూడెంలో బస్సు పావుగంట ఆగింది. సర్వపిండి తీసి సమ్మయ్యకు పెట్టాను, నేను బీపీ గోళీ వేసుకున్నాను. జూలూరుపాడు దాటాక అడవి పలచబడి పత్తి చేలు, మిరప చేలు మొదలయ్యాయి. పది దాటాక ఖమ్మం బస్టాండులో దిగాం.

బస్టాండు నుంచి బండి సామాన్ల దుకాణాల వైపు ఆటోకు ఇరవై అడిగారు. ఆటో నడిపే మనిషికి పంపు చూపిస్తే, కొత్త సామాను అయితే ముందు వరసకు, పాత సామాను అయితే రైలు పట్టాల అవతలి షెడ్లకు పోవాలన్నాడు. ముందు కొత్త వాటికే పోయాం. మొదటి దుకాణంలో సమ్మయ్య ఇంకా మెట్టు ఎక్కకుండానే, "జపాన్ వ్యానుకు వాటర్ పంపు కావాలె" అన్నాడు. దుకాణదారు తల కూడా ఎత్తలేదు. "లేదండి. ఆ బండి సామాను ఈ జిల్లాలోనే దొరకదు." సంచి విప్పే పనే పడలేదు. రెండో దుకాణంలోనూ అదే మాట, అయితే అక్కడి మనిషి ఫోను తీసి ఎవరితోనో మాట్లాడి, మద్రాసు నుంచి తెప్పించవచ్చు, పదమూడు వేలవుతుంది, నెల పడుతుంది, సగం ముందివ్వాలి, వచ్చాక సరిపోకపోతే తనకు సంబంధం లేదు అన్నాడు. ఆదివారానికి మూడు రోజులే ఉంది, నెల ఎక్కడి నుంచి తేవాలి? అక్కడి నుంచి బయటికి వచ్చాక సమ్మయ్య మొదటిసారి నీరుగారిపోయాడు. "బండిని చూస్తే జపాన్ అని అందరు గౌరవమిచ్చేటోళ్లు వదినె. గిప్పుడు ఆ పేరు చెప్తెనే తలుపులు మూస్తున్నరు" అన్నాడు.

పన్నెండు కావస్తోంది. పట్టాల ఇవతల ఒక చిన్న మెస్సులో భోజనానికి కూర్చున్నాం. ముప్పై అయిదు రూపాయలకు పప్పు, వంకాయ, పచ్చిపులుసు, పెరుగు. ఎవరైనా అటు పోతే అక్కడ తినండి, కడుపు మండదు. వండి వడ్డించే ఆవిడ మధిర వైపు మనిషట, మాట మెత్తగా ఉంది.

"సంచి కింద పెట్టండి పెద్దమ్మా, ఒళ్లో పెట్టుకుని ఏం తింటారు?"

"వద్దు బిడ్డా, ఇది నా దగ్గర్నే ఉండాలె."

సమ్మయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లగానే, ఎందుకో తెలియదు, కడుపులో ఉన్నదంతా ఆమెకు చెప్పేశాను. అక్క తుంటి, ఆదివారం, తోమడం, బెజ్జాలు సాగిపోవడం, అన్నీ. ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి విన్నది.

"మరి ఈ సంగతి దుకాణం అతనికి చెప్పారా?"

"ఎట్ల చెప్త? మా మరిదికే చెప్పలే."

"అయ్యో పెద్దమ్మా! వాళ్లు దీన్ని చూసే గదా కొలత తీస్తారు. పాడైన బెజ్జానికి కొలత తీస్తే కొత్తది కూడా తేడాగానే వస్తది గదా. మళ్లీ ఇంత దూరం వస్తారా? చెప్పెయ్యండి. తిడితే ఒక్క మాట తిడతారు."

ఆ మాటతో చేతిలోని ముద్దను మళ్లీ విస్తట్లో పెట్టేశాను. నిజమే కదా. సరిపోని పంపు తెచ్చుకుంటే అది సమ్మయ్య తప్పు కాదు, నా తప్పు. అక్క మంచంలోనే ఉండిపోతే అదీ నా వల్లే. పెరుగు వద్దని లేచాను.

పట్టాలు దాటితే పాత సామాన్ల షెడ్లు. విప్పేసిన లారీ ముక్కులు, టైర్ల కుప్పలు, నేలంతా నూనె. జారి పడకుండా సమ్మయ్య భుజం పట్టుకుని నడిచాను. అక్కడ ఖాదర్ భాయ్ అని ఒకాయన, మా ఆయన వయసు ఉంటుంది, ఇనుప స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సమ్మయ్య నోరు తెరిచి "జపాన్..." అనబోయాడు. నేను అతని చెయ్యి వెనక్కు లాగి ముందుకు వెళ్లాను. సంచి విప్పి పంపు ఆయన ముందున్న బల్ల మీద పెట్టాను.

"భాయ్, మీకో మాట ముందే చెప్తున్న. దీన్ని నేను చింతపండు పెట్టి తోమిన. గట్టిగ తోమేసరికి ఈ రెండు బెజ్జాలు సాగిపోయినయ్. మీరు కొలత తీసేటప్పుడు వీటిని నమ్మొద్దు, ఈ గుండ్రటి వాటినే చూడుండ్రి."

సమ్మయ్య, "ఏంది వదినె!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

ఖాదర్ భాయ్ ఒక్క క్షణం నా మొహం చూసి, చాయ్ గ్లాసు కింద పెట్టి, భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వాడు. "చింతపండుకు ఇనుము సాగుతదా అమ్మా? అట్లయితే నేను ఇనుము అరగదీసే ఆకురాళ్లు కొనుడు బంద్ చేసి చింతపండు బస్తాలు తెప్పించుకుంట." నవ్వుతూనే పంపును చేతిలోకి తీసుకున్నాడు. సాగిన బెజ్జంలో చిటికెన వేలు పెట్టి తిప్పాడు. నవ్వు ఆగిపోయింది. లేచి బయట ఎండలోకి తీసుకుపోయి, కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

"ఇధర్ ఆవో" అని సమ్మయ్యను పిలిచాడు. "చూడు. లోపల గీతలు కనబడుతున్నయా? ఇవి ఆకురాయి గీతలు. ఎవడో చేత్తోటి రాకిండు. పాతవే, ఇయ్యాలటివి కావు. కంపెనీల చేసిన పంపుకు ఆకురాయి ఎందుకు పెడతరు?"

"ఎందుకు పెడతరు?" అన్నాడు సమ్మయ్య.

"వేరే బండి పంపు తెచ్చి దీనికి కూర్చోబెట్టినప్పుడు పెడతరు. నీ బండి ఏదైతే అదయింది, ఈ పంపు మాత్రం దానిది కాదు. ఇది మన డీజిల్ టెంపోది. కూరగాయలు మోస్తది చూడు, ఆ టెంపోది."

ఇక చూడండి నా సంతోషం! ఏం అర్థమైందో పూర్తిగా అర్థం కాకముందే నాకు ఒళ్లంతా పులకరించింది. ఖాదర్ భాయ్ పక్క షెడ్డుకు కేకేస్తే, అక్కడి నుంచి అట్టపెట్టెలో కొత్త పంపు వచ్చింది. రెండింటినీ వెన్నుకు వెన్ను ఆనించి పట్టుకున్నాడు. ముక్కు, మెడ, అంచు అన్నీ ఒకటే. పక్కనే అచ్చు పోసిన గుర్తు కూడా ఒకటే. ఇన్నాళ్లు ఆ నల్లటి జిగురు కింద అది ఎవరికీ కనబడలేదు. నాలుగు బెజ్జాల్లో రెండు సరిగ్గా కలిశాయి. మిగతా రెండు గోరంత పక్కకు ఉన్నాయి, ఆ గోరంత కోసమే ఎవరో ఒకనాడు ఆకురాయితో రాకి, ఈ టెంపో పంపును మా బండికి బిగించి పంపారన్నమాట. విజయవాడలో సమ్మయ్య బండి పేరు మాత్రమే చెబితే, ఇంకో రకం జపాన్ వ్యాను పంపు చేతిలో పెట్టారు. అది పట్టకపోయినా, మా బండిలో ఉన్నదే వేరే బండి పంపని మా మేస్త్రీకీ తోచలేదు. అందరూ బండి మొహం చూశారే గానీ, ఎవరూ పంపు మొహం చూడలేదు.

సమ్మయ్య ఇనుప కుప్ప మీద కూలబడ్డాడు. "ఇన్ని ఏండ్ల సంది జపాన్ ఇంజను, జపాన్ గుండె అని ఊరంత చెప్పుకున్న భాయ్. గిప్పుడు చూస్తె లోపల మన టెంపో గుండె కొట్టుకుంటున్నదా?"

"కొట్టుకున్నది కదా? పర్ణశాల దాక పోయి వచ్చింది కదా? ఇంకేం కావాలె నీకు?" అన్నాడు ఖాదర్ భాయ్. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, ఈ షెడ్డుల ఉన్న సామానంత తోముతరా? ఇంకేమేం బయటపడ్తదో" అన్నాడు. ఆ మాటకు నేను కూడా నవ్వేశాను. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. పంపు ఎనిమిది వందల యాభై. మద్రాసు ధరతో పోలిస్తే నాకు దొంగతనం చేసినట్టు అనిపించింది. బెజ్జాలు తాను రాకించగలడు గానీ, తన దగ్గర ఆ పని చేసే మనిషి పెళ్లికి పోయాడని, దారిలో కొత్తగూడెంలో ఇనుము చెక్కే ఏ లేతు షెడ్డుకు ఇచ్చినా చేస్తారని చెప్పాడు. పాత పంపును పారేయొద్దు, కొత్తదాన్ని రాకేటప్పుడు అదే కొలత అన్నాడు.

రెండు గంటల బస్సు పట్టుకున్నాం. రెండు పంపులనూ ఒళ్లో పెట్టుకున్నాను. సంతోషం అరగంట ఉంది, తర్వాత దిగులు మొదలైంది. లేతు షెడ్డు మూసి ఉంటే? ఎక్కువ రాకితే? పగిలితే? సమ్మయ్యను అడిగితే, "వదినె, నువ్వు జెర ఊకో. నీ భయానికి బస్సు కూడ మెల్లగ పోతున్నది" అన్నాడు. కానీ అతను కూడా కిటికీలోంచి బయటికి చూడకుండా, నా ఒళ్లోని తువ్వాలునే చూస్తూ కూర్చున్నాడు.

కొత్తగూడెంలో లేతు షెడ్డు తెరిచే ఉంది. వీరాచారి అనే అతను పాత పంపును కొత్తదాని మీద పెట్టి, మొలతో బెజ్జాల చుట్టూ గీత గీశాడు. సగం గుండ్రంగా ఉండే ఆకురాయి తీసి, ఊపిరి బిగబట్టినట్టు మెల్లగా రాకడం మొదలుపెట్టాడు. నేను స్టూలు దగ్గరకు జరుపుకుని కూర్చున్నాను.

"గీత దాటుతున్నవేమో చూడు అయ్యా."

"దాటలేదమ్మా."

"ఆ పక్క కొంచెం ఎక్కువ పోయినట్టున్నది."

అతను ఆకురాయి ఆపి, సమ్మయ్యతో, "అన్నా, అమ్మను జెర చాయ్ తాగించుకొని రాపో" అన్నాడు. నేను పోలేదు, నోరు మాత్రం మూసుకున్నాను. పావుగంటలో అయిపోయింది. నాలుగు బోల్టులూ రెండు పంపుల్లోంచి ఒకేసారి దూరాయి. ఆ తర్వాత మందపాటి కాగితాన్ని పంపు అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ టక్కుటక్కుమని కొట్టాడు. అంచు ఎలా ఉందో కాగితం అలాగే తెగి చేతికి వచ్చింది. నీళ్లు కారకుండా మధ్యలో పెట్టడానికట. నేను అప్పచ్చులు కోసినా అంత చక్కగా రాదు. అన్నిటికీ కలిపి నూట ఇరవై తీసుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం.

మర్నాడు పొద్దున మేస్త్రీ వచ్చి పంపు బిగించాడు. మా ఆయన ఎండద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని చూశాడు, దగ్గరికి రావొద్దని నేనే కేకలేశాను. బండి స్టార్టయింది. ఇక పరీక్ష. సమ్మయ్య నడుపుతుంటే నేను పక్క సీట్లో, వెనక రెండు డబ్బాల నీళ్లు. అశ్వాపురం వచ్చింది. ఇక్కడే ఎప్పుడూ ఆవిరి లేచేది. నేను ముందు అద్దం మీదే కళ్లు పెట్టి కూర్చున్నాను. ఆవిరి లేవలేదు. "సమ్మయ్యా, ముల్లు చూడు, ముల్లు" అన్నాను. వేడి చూపించే ముల్లు సగానికి కింద కదలకుండా నిలబడి ఉంది. సారపాక వచ్చింది. గోదావరి వంతెన ఎక్కాం. వంతెన మధ్యలో సమ్మయ్య గట్టిగా హారను కొట్టాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా. కింద ఇసుక తిన్నెల మధ్య నీళ్లు మెరుస్తున్నాయి, అవతల గుడి గోపురం కనబడుతోంది, నాకేమో రెండు కళ్లలో నీళ్లు తిరిగాయి. భద్రాచలంలో ఆగి బానెట్ ఎత్తి చేత్తో తాకి చూశాం. ఒక్క చుక్క కారలేదు. నీళ్ల డబ్బాలు రెండూ అలాగే నిండుగా వెనక్కు తెచ్చాం.

ఇంటికి వచ్చాక మా ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఫోను తీసుకుని పాత ఇనుము మనిషికి చేసి, "ఆదివారం రావద్దు. మా బండి నడుస్తున్నది" అన్నాడు. ఆ తర్వాత ఫోను నా చేతికిచ్చాడు. నేను అక్కకు చేశాను. పక్కింటివాళ్ల ఫోను, ఆమె మంచం దగ్గరికి తెచ్చి చెవి దగ్గర పెట్టాలి.

"అక్కా, బండి అయ్యింది. వచ్చి నిన్ను తీసుకపోతం."

ఫోను ఇంకా దగ్గరగా పెట్టమని పక్కింటావిడకు అక్క చెప్పడం వినబడింది.

"నిజంగనే? పండుకొనే రావచ్చునా?"

"అవ్ అక్కా, పండుకొనే. నీ మంచంతోనే."

"మరి దారిల గోదారి కనబడ్తదా? కిటికీ ఏ పక్కకు పెడ్తవ్?"

ఇన్ని నెలల్లో అక్క నొప్పి గురించి కాకుండా ఇంకో సంగతి అడగడం అదే మొదటిసారి. కిటికీ ఏ పక్కకైనా పెట్టవచ్చు, తల అటు పెట్టి పడుకోబెడితే సరిపోతుంది అన్నాను. ఫోను పెట్టాక, మంచం కాళ్లు జారకుండా దేనితో కట్టాలి, తాడు తెగితే ఏం చేయాలి, దారిలో ఆమెకు దాహం వేస్తే ఎలా తాగించాలి అని ఆలోచన మొదలుపెట్టాను. సమ్మయ్య నవ్వాడు, నవ్వనివ్వండి.

ఈ ప్రయాణం గురించి నాకు తోచింది ఒకటి చెబుతాను. నా భయం వల్ల ఇంట్లోవాళ్లు చాలాసార్లు విసుక్కుంటారు, వాళ్ల విసుగులో న్యాయం ఉంది. బెజ్జాలు నేనే పాడుచేశానని భయపడ్డాను, అది ఒట్టి భయం. కానీ ఆ భయం నోట్లోంచి బయటికి వచ్చిన చోటే దారి దొరికింది. లోపల దాచుకున్నంతసేపు అది నన్ను తినేసింది, చెప్పగానే పది మందిదయ్యింది, ఒకాయన నవ్వుతూ దాన్ని ఎండలో పట్టుకుని చూశాడు. అందుకే భయపడేవాళ్లకు భయపడొద్దని నేను చెప్పను, ఎవరికో ఒకరికి చెప్పమని మాత్రం చెబుతాను. ఇక మీలో ఎవరికైనా పాత విదేశీ బండి ఉంటే నా మాట ఒకటి గుర్తుపెట్టుకోండి: దుకాణానికి పోయే ముందు పాత సామానును శుభ్రంగా కడగండి, దుకాణంలో ముందు సామాను చూపించండి, బండి పేరు ఆ తర్వాతే చెప్పండి.

అక్కను తీసుకురావడానికి ముందు శుక్రవారం అనుకున్నాం. శుక్రవారం ఇంటి ఆడమనిషిని గడప దాటించరని అక్కే ఫోనులో కసిరింది. ఒక రోజు ముందుకు జరిపాం. ఈ పన్నెండో తారీఖు, గురువారం, పొద్దున ఆరింటికి వ్యాను మా ఇంటి ముందు నుంచి కదులుతుంది.